కిష్టయ్య అడిగిన ఒక్క మాట

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. నా వృత్తేమో ఎదుటివాళ్లు చెప్పేది ఓపిగ్గా వినడం. ఈ రెండూ ఒకే ఒంట్లో ఎలా కాపురం చేస్తున్నాయని మా నాయిన దానియేలు ఇప్పటికీ ఆశ్చర్యపోతాడు.

హైదరాబాదులో ఒక పెద్ద కంపెనీ శిక్షణ విభాగంలో పన్నెండేళ్లు పనిచేశాను. చేరిన కొత్తలో మా ఊరు దంతాలపల్లి యాస విని ముసిముసిగా నవ్విన మేనేజర్లే తర్వాత నా గది తలుపు తట్టి, తమ కింద పనిచేసేవాళ్లు తమ మాట ఎందుకు వినడం లేదో చెప్పుకుని కళ్లు తుడుచుకుని వెళ్లేవాళ్లు. ఈ పని నాకు వచ్చు. బాగా వచ్చు. అందుకే రెండేళ్లు కూర్చుని కోచ్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాను, ఉద్యోగం మానేశాను, జనగామలో ఎరువుల దుకాణం మీద గది అద్దెకు తీసుకుని బోర్డు పెట్టాను. రేణుక, ఎగ్జిక్యూటివ్ లీడర్‌షిప్ కోచ్.

జనగామ ఎందుకని అందరూ అడిగారు. హైదరాబాదులో నాలాంటివాళ్లు వీధికి పదిమంది. ఇక్కడ జనగామ నుంచి భూపాలపల్లి దాకా పత్తి జిన్నింగు మిల్లులున్నాయి, కోల్డ్ స్టోరేజీలున్నాయి, ప్రైవేటు దవాఖానలున్నాయి. వాటిని నడిపేవాళ్లకు లోపల ఎంత గుబులున్నా చెప్పుకునే దిక్కు లేదు. ఆ దిక్కు నేనవుతానని నాకు గట్టి నమ్మకం. మొదటి రెండు నెలలు మాత్రం మెట్లెక్కిన వాళ్లంతా గ్రూప్-2 కోచింగ్ ఎప్పుడు మొదలవుతుందని అడిగి దిగిపోయారు.

మూడో నెలలో కిష్టయ్య కబురు పెట్టాడు. జనగామ, మానుకోట అని పిలిచే మహబూబాబాద్, భూపాలపల్లి, మూడు చోట్లా ఆయనకు మిర్చి బస్తాలు దాచే కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి. ఒకప్పుడు మార్కెట్ యార్డులో బస్తాలు మోసిన మనిషి, ఇప్పుడు నాలుగు వందల మందికి పని ఇస్తున్నాడు. పనివాళ్లంతా సేటు అంటారు.

"మానుకోట గోదాముకు బాలు అని మేనేజరున్నడు. తండా పిల్లగాడు. పదకొండేండ్ల సంది నా దగ్గరనే ఉన్నడు, పనికి వంక పెట్టరాదు. మూడు గోదాములు వాని చేతుల పెడుదామంటే ముందట పడడు. ప్రతిదానికి నా మొఖం చూస్తడు. జర వాన్ని తయారు చెయ్యి బిడ్డా" అన్నాడు.

ఆ ముక్క చెప్పే పావుగంటలో ఆయనకు ఏడు ఫోన్లు వచ్చాయి. ఏ గది తలుపు తీయాలో, ఏ లారీ ముందు నింపాలో అన్నీ ఆయనే చెప్పాడు. నేను గమనించాను గానీ కిమ్మనలేదు.

ఒప్పందం రాసుకున్నాం. ఆరు శనివారాలు, ఆరు సిట్టింగులు. బాలు నాతో చెప్పింది నా దగ్గరే ఉంటుందని అందులో ఇంగ్లీషులో ఒక పేరా ఉంది. ఆయన దాన్ని చూడకుండానే సంతకం చేశాడు. పని నచ్చితే ఏడాది పాటు మూడు గోదాముల సూపర్‌వైజర్లందరినీ నాకే అప్పగిస్తానన్నాడు. ఆ ఏడాది పని దొరికితే నేను ఇక్కడ నిలదొక్కుకున్నట్టే. దొరక్కపోతే బోర్డు చుట్టుకుని మళ్లీ హైదరాబాదు బస్సెక్కాల్సిందే.

మొదటి శనివారం పొద్దున పదింటికి ఒక్కడు రావాల్సిన చోట ముగ్గురు వచ్చారు. ముందు తెల్ల తలపాగా, చేతికర్రతో ఒక ముసలాయన. ఆయన వెనక సజ్జరొట్టెల డబ్బా పట్టుకుని ఒక ముప్పై ఏళ్ల ఆమె. అందరికన్నా వెనక, ఇస్త్రీ చొక్కాలో, చెమటలు కక్కుతూ బాలు. ముసలాయన ఎవరూ చెప్పకుండానే నా ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు.

"నేను సక్రు. గూడూరు దిక్కు మా తండా, నేను తండా పెద్దమనిషిని. గీమె చాందీ, పిల్లగాని భార్య. మీ దిక్కు పెద్దమనుషులు ఇంక రాలేదా బిడ్డా?"

"మా దిక్కు ఎవ్వలు లేరు తాతా."

"గట్లెట్ల? ఒక్క దిక్కు మనుషులతోని పంచాయితీ ఎట్లయితది?"

నాకు అప్పుడు తలకెక్కింది. కంపెనీకీ బాలుకూ మధ్య తగువు తీర్చడానికి కిష్టయ్య పెట్టిన మధ్యవర్తిని నేననుకుని, తమ తరఫు పెద్దమనిషిని వెంటబెట్టుకుని వచ్చారు. నేను పకపకా నవ్వాను. అదే నేను చేసిన మొదటి తప్పు.

చాందీ నవ్వలేదు. "నవ్వుడు గాదక్కా. ఈనకంటె ముందట ఇద్దరు మేనేజర్లుండె. వాళ్లను గూడ గిట్లనే బయటి మనిషి దగ్గరికి తోలిండ్రు. మొదటి రోజు చాయ్ తాపిండ్రు. రెండో రోజు నీ మంచికే అన్నరు. మూడో రోజు రాజీనామా కాయితం మీద సంతకం పెట్టిచ్చుకున్నరు" అంది.

నేను నా శిక్షణలో నేర్చుకున్నదంతా వాళ్ల మీద గుమ్మరించాను. ఇది పంచాయితీ కాదని, బాలు ఎదుగుదల కోసమని, ఇద్దరి మధ్య నడిచే సంభాషణ అని, మూడో మనిషి ఉంటే మనసు విప్పి మాట్లాడలేరని. చివరికి కాస్త కటువుగానే, మీరిద్దరూ కింద కూర్చోండని చెప్పాను. సక్రు కర్ర పట్టుకుని లేచాడు.

"ఒక్కన్ని లోపట కూసోబెట్టి తలుపేస్తె దాన్ని మేము ఠాణా అంటం బిడ్డా" అనేసి మెట్లు దిగాడు.

ఆ గంటలో బాలు నోటి నుంచి వచ్చింది మొత్తం ఒకే మాట, "అంత మంచిగనే ఉన్నది మేడం." రెండో శనివారం కూడా అదే మాట. మూడో శనివారం నా తల ప్రాణం తోకకొచ్చింది. ఎలా అడిగినా, ఎటు తిప్పి అడిగినా అంతా మంచిగానే ఉంది. చాయ్ ఇస్తే ముట్టుకోలేదు. మొదటి రోజు చాయ్ తాగినవాళ్ల గతి ఆయనకు గుర్తుంది మరి.

ఆరింట్లో సగం అయిపోయాయి. హైదరాబాదులో ఎంతటి మేనేజరయినా రెండో సిట్టింగుకు నా ముందు నోరు విప్పేవాడు. ఇక్కడ నా సర్టిఫికెట్ గోడకు వేలాడుతోంది, ఎదుట మనిషి దాని కింద మూగనోము పట్టి కూర్చున్నాడు. ముందు బాలు మీద కోపం వచ్చింది, తర్వాత సక్రు మీద వచ్చింది. రెండు రోజులకు అది చల్లారి, తప్పు నాదేనని ఒప్పుకోవడానికి ఇంకో రోజు పట్టింది.

నాలుగో శనివారం బాలును రమ్మనలేదు. నేనే వెళ్లాను. గూడూరులో బస్సు దిగి, ఆటోలో తండా చేరేసరికి సక్రు ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. బాలు, చాందీ అక్కడే ఉన్నారు.

"తాతా, మొన్న మిమ్ములను కిందికి పంపుడు నాదే తప్పు. మీ తండాల పంచాయితీ ఎట్ల చేస్తరో జర నాకు చెప్పుండ్రి" అన్నాను.

ముసలాయన నన్ను ఎగాదిగా చూశాడు. చాందీని వాళ్ల భాషలో ఏదో అడిగాడు. ఆమె నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. అప్పుడు చెప్పాడు.

"మా తండాల తగువు చెప్పెటోడు ముందుగాల లేసి నిలబడాలె. తగువు సంగతి తర్వాత. ముందు తన సంగతి చెప్పుకోవాలె. నేను ఫలానోళ్ల చుట్టాన్ని, ఫలానోళ్ల కూడు తింటున్న, ఫలానోడంటె నాకు పడది. గిట్ల అందరి ముంగట ఒప్పుకుంటెనే మాట్లాడనిస్తం. మరి నీకు పైసలు ఎవలిస్తున్నరు?"

"కిష్టయ్య సారు."

"ఆ సంగతి పిల్లగానికి నువ్వు చెప్పినవా?"

చెప్పలేదు. పైసలెవరివో, ఎవరి మాట ఎక్కడ ఆగుతుందో ఒప్పందంలో ఉంది కదా అనుకున్నాను. ఇంగ్లీషు పేరాలో, నాలుగో పేజీలో, బాలుకు ఎప్పుడూ చూపించని కాగితంలో ఉంది. నాకు సిగ్గేసింది. పన్నెండేళ్లుగా మేనేజర్లకు నమ్మకం గురించి పాఠాలు చెప్పిన దాన్ని, ఒక మనిషి నన్నెందుకు నమ్మాలో ఆ మనిషికి ఒక్కసారి కూడా చెప్పలేదు.

లేచి నిలబడ్డాను. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు నలుగురైదుగురు వచ్చి చేరారు. నాకు ఫీజు ఇచ్చేది కిష్టయ్య సారేనని చెప్పాను. పని నచ్చితే ఏడాది పని ఇస్తానన్నాడని, ఆ పని నాకు చాలా అవసరమని కూడా చెప్పాను. బాలు నాతో చెప్పిన మాట ఒక్కటి కూడా ఆయన చెవిన వెయ్యనని చెప్పాను.

"మాట తప్పితె?" అన్నాడు సక్రు.

"తప్పితే నా బోర్డు నేనే దించుకుంట తాతా. ఈ పని మల్ల చెయ్య."

ముసలాయన బాలు చెయ్యి తెచ్చి నా చేతిలో పెట్టాడు. తర్వాత కర్ర పట్టుకుని లేచి, "ఇగ మీరిద్దరు మాట్లాడుకోండ్రి. మాతోని పని లేదు" అని అందరినీ వెంటబెట్టుకుని వెళ్లిపోయాడు. నా శిక్షణ అంతా కలిపి మూడు శనివారాల్లో చెయ్యలేని పని అది.

బాలు ఒకసారి మొదలుపెట్టాక ఆగలేదు.

టేకుమట్ల దగ్గర ఎవరో కొత్తగా కోల్డ్ స్టోరేజీ కడుతున్నారు. బాలును మేనేజరుగా రమ్మన్నారు. ఈ నెలాఖరుకు జవాబు చెప్పాలి.

"సేటు నాకు తండ్రి లెక్క మేడం. మా నాయిన పోయిన్నాడు దగ్గరుండి అన్ని చూసుకున్నడు. కానీ గది తలుపు తియ్యాలంటె ఫోన్ చెయ్యాలె. హమాలీని పెట్టుకోవాలంటె ఫోన్ చెయ్యాలె. చెయ్యకుంటె ఆయనే చేస్తడు. పదకొండేండ్లల్ల నా అంతట నేను ఒక్క పని చెయ్యలే. టేకుమట్లోళ్లు నువ్వే చూసుకో అన్నరు. గా మాటకు నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయ్."

"పోవాలని ఉన్నదా?"

"తెల్వది."

"ఈ ముచ్చట అందరికంటే ముందు ఎవలికి చెప్పాలని ఉన్నది?"

నేను గుడ్లప్పగించి కూర్చున్నాను తప్ప ఒక్క మాట అందించలేదు.

"సేటుకు" అన్నాడు చివరికి. "కానీ ఆయన ముంగటికి పోతె నోరు పెగలది మేడం."

అయితే ఈ పూటకు నేనే కిష్టయ్యను, నాతోనే చెప్పి చూడమన్నాను. మంచం మీద కాలు మీద కాలేసుకుని, చెవికి ఫోన్ పెట్టుకుని, బాలు ఒక్క మాట పూర్తి చేయకుండా మధ్యలో ఊళ్లో ఉన్న లారీలన్నింటికీ దారి చెప్పాను. గోడ అవతల చాందీ నవ్వు ఆపుకోలేకపోయింది. నాలుగోసారి బాలు నా చేతిలోంచి ఫోన్ లాక్కుని పక్కన పెట్టి, "సేటు, ముందుగాల్ల నేను చెప్పేది ఇను" అన్నాడు. అన్నాక తనే బిత్తరపోయాడు. ఐదో శనివారం జనగామ వచ్చి ఇంకో గంట అదే సాధన చేశాడు. ఈసారి చాయ్ రెండు కప్పులు తాగాడు.

సోమవారం కిష్టయ్య నన్ను భూపాలపల్లి గోదాముకు రమ్మన్నాడు. ఏడాది ఒప్పందం టేబుల్ మీద సిద్ధంగా ఉంది. సంతకం ఒక్కటే మిగిలింది. ఆయన పెన్ను చేతిలో పట్టుకున్నాడు.

"బాలును టేకుమట్లోళ్లు పిలుస్తున్నరని నా చెవిన పడ్డది. పోతడా, ఉంటడా? గదొక్కటి చెప్పు బిడ్డా. ఎక్కువ చెప్పకు. ఒక్క మాట."

అబద్ధమెందుకు, ఆ మాట నా గొంతు దాకా వచ్చింది. చెప్పాల్సిన పని కూడా లేదు, కాస్త తల ఊపితే చాలు. తండాలో ఎవరికి తెలుస్తుంది? సక్రు వచ్చి అడుగుతాడా? ఆ కాగితం మీద ఏడాది పని ఉంది, నా బోర్డు కింద నేను గర్వంగా కూర్చునే మూడు వందల అరవై అయిదు రోజులున్నాయి. బాలు చేయి నా చేతిలో ఎంత చెమట పట్టి ఉందో గుర్తొచ్చింది.

"చెప్ప సార్" అన్నాను.

"ఏందీ?"

"బాలు నాతోని ఏం మాట్లాడిండో మీకు చెప్ప. ఏం మాట్లాడలేదో గూడ చెప్ప."

"నా పైసలు తీసుకొని నాకే చెప్పవా?"

"మీ పైసలు బాలును తయారు చేసేటందుకు తీసుకున్న సార్. చాడీలు చెప్పేటందుకు కాదు. కావాలంటే బాలునే అడుగుండ్రి."

"వాడు చెప్తె నిన్నెందుకు అడుగుత?"

అక్కడ నా కోపం నా మాట వినలేదు. "చెప్పేదాంక మీరు ఎన్నడన్న ఆగిండ్రా సార్? మూడు గోదాముల తలుపులు మీరే తీస్తుంటే ఇంకొకరు ముందట ఎట్ల పడుతరు?"

కిష్టయ్య పెన్నుకు మూత పెట్టాడు. కాగితాన్ని మడిచి సొరుగులో వేశాడు. "ఇగ నువ్వు పో బిడ్డా. మిగిలిన సిట్టింగు గూడ వద్దు" అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

బస్సెక్కి పరకాల వచ్చేదాకా ఏడుపు ఆపుకున్నాను. తర్వాత ఆపుకోలేదు. పక్క సీటు పెద్దామె ఎవరు పోయారని అడిగింది. ఎవరూ పోలేదవ్వా, పని పోయిందన్నాను. హనుమకొండలో దిగి మొహం కడుక్కున్నాను. ఒక చాయ్ తాగాను, దాని మీద ఇంకొకటి తాగాను. రెండో చాయ్ అయ్యేసరికి మనసు కుదుటపడింది. పని పోయింది గానీ నేను ఇచ్చిన మాట ఉంది. ఆ మాట ఉన్నంతకాలం నేను కోచ్‌నే. కాంట్రాక్టులు ఇచ్చేవాళ్లు ఈ మూడు జిల్లాల్లో కిష్టయ్య ఒక్కడే కాదు.

కాంట్రాక్టు పోయిన సంగతి బాలుకు చెప్పలేదు. చెబితే ఆయన నిర్ణయం మీద నా బరువు పడుతుంది. గురువారం ఆయనే ఫోన్ చేశాడు.

"చెప్పిన మేడం. సేటు ముంగట కూసోనే చెప్పిన. ఉంట గానీ మానుకోట నాకిడిసిపెట్టాలె, పొద్దుమాపు ఫోన్లు చెయ్యొద్దు అన్న. గిట్లయితెనే ఉంట అన్న."

"ఏమన్నడు?"

"రేణుకకు గీ ముచ్చట ఎప్పటి సంది ఎరుక అని అడిగిండు. పన్నెండు రోజుల సంది ఎరుక అన్న. ఇగ పో, చూస్త అన్నడు. గంతే."

ఆ రోజు నేను ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ఏడాది ఒప్పందం మీద సంతకం పడి ఉన్నా అంత సంతోషం ఉండేది కాదేమో. బాలు గొంతులో వణుకు లేదు. అది నేను చేసిన పని.

మరుసటి బుధవారం మధ్యాహ్నం కిష్టయ్య నా మెట్లెక్కి వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. కూర్చున్నాడు, జేబులోంచి ఫోన్ తీసి ఆపేశాడు, గదంతా ఒకసారి చూశాడు.

"పన్నెండు రోజులు కడుపుల పెట్టుకున్నవ్. కండ్ల ముంగట కాయితం పెట్టినా చెప్పలే" అన్నాడు.

"చెప్పలేదు సార్."

"నేను చెప్పేది గూడ గట్లనే పెట్టుకుంటవా?"

లేచి నిలబడ్డాను. మీ మేనేజరు బాలు కూడా నా దగ్గరికి వచ్చినవాడేనని, ఆయన మాట మీకు చెప్పనట్టే మీ మాట ఆయనకు చెప్పనని, ఇంట్లోవాళ్లు వచ్చి అడిగినా చెప్పనని చెప్పి కూర్చున్నాను. తలుపు వెయ్యమంటారా అని అడిగితే వెయ్యమన్నాడు.

కింద దుకాణంలో యూరియా బస్తాలు దించుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"మానుకోట బాలుకు ఇడిసిపెట్టిన. మూడు రోజులు నేను పోలే, ఫోన్ చెయ్యలే. అంత మంచిగనే నడిచింది. ఒక్క బస్తా కరాబు గాలే" అన్నాడు. గొంతు తగ్గించాడు. "గా మూడు రోజులు పొద్దుగాల లేసి, తానం చేసి, బండి తాళాలు చేతుల పట్టుకొని ఇంటి ముంగట నిలబడ్డ బిడ్డా. ఎటు పోవాల్నో తెల్వలే."

ఆయన తన చేతులు చూసుకున్నాడు. ఒకప్పుడు బస్తాలు మోసిన చేతులు.

"ముందటి మేనేజర్లు ఇద్దరు గూడ పనిమంతులే. వాళ్లకు పని రాదని నేనే అందరికి చెప్పిన. వాళ్లుంటె నాకు పని లేకుంట అయితదని భయపడ్డ. గీ మాట నా భార్యకు గూడ చెప్పలే."

నాలుగు వందల మందికి పని ఇచ్చే మనిషి, తనకు పని లేకుండా పోతుందని భయపడుతున్నాడు. ఆయన మీద నాకున్న కోపమంతా ఎటు పోయిందో తెలియదు. కుర్చీ ఆయన దగ్గరకు జరుపుకున్నాను.

"ఎటు పోవాలని ఉన్నది సార్, మీకు?"

ఇక్కడిదాకా రాయడానికి బాలూ, కిష్టయ్యా ఇద్దరూ ఒప్పుకున్నారు. చదివి వినిపిస్తే ఎవరి ముక్క వాళ్లు సరిచూసుకున్నారు కూడా. ఆ ప్రశ్న తర్వాత కిష్టయ్య నాతో గంటన్నర మాట్లాడాడు. అది మాత్రం రాయొద్దన్నాడు. రాయను.